పుట్టకముందే సర్వీసైన కారు

గాషే అద్మాసు గురించి నా దగ్గర ఎవరూ ఏమీ అనక్కర్లేదు. అనాల్సినవన్నీ నేను ఆయన మొహం మీదే అనేశాను, అదీ కాఫీ పోస్తూ. గోఫా ఫ్లాట్ల మూడో బ్లాకు కింద, మెట్ల పక్కన పచ్చగడ్డి పరిచి, బొగ్గుల కుంపటి పెట్టుకుని నేను కాఫీ కాచి అమ్మబట్టి పదకొండేళ్ళయింది. రెండో అంతస్తులో ఉండే ఆ మనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి నా ముందు పీట మీద కూర్చుంటాడు. పెద్దాయన కాబట్టి అందరం గాషే అంటాం. తిట్టేటప్పుడు కూడా గాషే అనే తిడతాం.

ముప్పై నాలుగేళ్ళు నగరం రికార్డుల ఆఫీసులో పనిచేశాడు. గుండ్రటి సీలు ఆయన బల్ల సొరుగులో ఉండేది, ఆ సొరుగు తాళంచెవి ఆయన మెడలో ఉండేది. ఆ సీలు పడందే ఈ ఊళ్ళో ఇల్లు ఇల్లు కాదు, పెళ్ళి పెళ్ళి కాదు. రిటైరైన రోజు సీలు అప్పగించి వచ్చాడు గానీ ఆ బుద్ధిని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఓసారి నా దగ్గర మట్టి కాఫీకూజా కొని రసీదు ఇమ్మన్నాడు. సరే కదా అని సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాను. "సీలేదీ?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కాఫీ కప్పు అడుగుని కుంపటి మసిలో అద్ది అట్ట మీద ఠపీమని కొట్టాను. గుండ్రంగా పడింది. "ఇదీ పద్ధతి" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెక్కిరించానని కూడా తెలియని అమాయకుడు అనుకున్నాను.

ఇంకో గుణం ఉంది. ఆ ముప్పై నాలుగేళ్ళలో తన చేతి మీదుగా ఒక్క తప్పు జరగలేదంటాడు. ఆఫీసు సంగతి నాకు తెలియదు. ఇంటి సంగతి కావాలంటే ఆయన భార్య షితాయెని అడగాలి. ఆమెను నేను ఎటియె అని పిలుస్తాను, సొంత అక్క కన్నా ఎక్కువ. పన్నెండేళ్ళు పొగలో కూర్చుని ఇంజెరా అట్లు కాల్చి హోటళ్ళకు వేసిన మనిషి. కింద అంతస్తులో ఒక గది తీసుకుని, రెండు పెద్ద పెనాలు పెట్టి, ఇంజెరా అంగడి తెరవాలని ఆవిడ కోరిక. దానికోసం డబ్బు కూడబెట్టింది. సరిగ్గా అప్పుడే ఈయనకు కరెంటు కారు పిచ్చి పట్టింది.

"కారు కొంటే కిరాయికి తిప్పుతాను. పెట్రోలు లైను లేదు, పెట్రోలే లేదు. సర్వీసు ఖర్చు సున్నా. రెండేళ్ళలో నీ అంగడి డబ్బు నీ చేతిలో పెడతాను" అన్నాడు.

"ఆ మాట రాసిస్తావా, సీలు వేసి?" అంది ఎటియె. ఈ మాటలన్నీ నా కుంపటి ముందే జరిగాయి.

"మొగుడి మాటకు సీలెందుకే?" అని గాషే ఎంత నొచ్చుకున్నాడంటే, నాకు మొక్కజొన్న పేలాలు వేయించుకోవడం కూడా మొహమాటమనిపించింది. ఆవిడ డబ్బు తీసిచ్చింది. ఆయన పింఛను డబ్బు సగం, ఆవిడ ఇంజెరా డబ్బు సగం కలిపి తెల్లటి చైనా కారు ఒకటి వచ్చి మా బ్లాకు ముందు ఆగింది.

ఎటియె తమ్ముడు జెవ్దుకి రోడ్డవతల పెట్రోలు కార్ల గ్యారేజీ ఉంది. నూనె మరకల నీలం బట్టలతో వచ్చి కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

"బావా, ఇంజినేదీ?"

"లేదు."

"ఆయిల్?"

"పొయ్యక్కర్లేదు."

"ప్లగ్గులు? బెల్టు? సైలెన్సరు?"

"ఏవీ లేవురా బాబూ."

"మరి నేనేం చేసుకుని బతకాలి?"

"వర్కె దగ్గర కాఫీ కాయడం నేర్చుకో. ఇకనుంచి అందరూ ఇవే కొంటారు" అన్నాడు గాషే నాకేసి చూపిస్తూ. బ్లాకు బ్లాకంతా నవ్వింది. ఆ నవ్వుని జెవ్దు దాచిపెట్టుకున్నాడు, వడ్డీతో సహా తిరిగి ఇవ్వడానికి.

మొదటి ఐదు నెలలూ బాగానే నడిచింది. ఆ తరవాత తెలిసింది, కారుతో పాటు ఒక పుస్తకం కూడా ఇచ్చారని. ఆరు నెలలు నిండేలోపు ఒకసారి కంపెనీవాళ్ళ సర్వీసు సెంటరుకే తీసుకెళ్ళాలి, వాళ్ళు ఆ పుస్తకంలో తేదీ రాసి సీలు వెయ్యాలి, లేదంటే మూడేళ్ళ గ్యారంటీ చెల్లదు. వేరేవాళ్ళయితే విసుక్కునేవాళ్ళు. గాషే మాత్రం సీలు అన్న మాట చూడగానే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. పచ్చి కాఫీగింజలు కొనడానికి నేనూ అటే వెళ్ళాలి కాబట్టి నన్నూ ఎక్కించుకున్నాడు. అందువల్ల ఇక చెప్పబోయేది నా కళ్ళతో చూసిందే.

అదో అద్దాల గది. మెత్తటి సోఫాలు, చల్లటి నీళ్ళ సీసాలు. అక్కడి నేల చూసి నేను చెప్పులు విప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. ముప్పై ఏళ్ళ ఇంజినీరు పిల్ల, పేరు హిరుత్, కారుని లోపలికి తీసుకెళ్ళింది. గంటలో తిరిగొచ్చింది. బిల్లు తొమ్మిది వేల నాలుగు వందల బిర్లు.

"ఏం మార్చారమ్మా?" అన్నాడు గాషే.

"ఏసీ గాలి ఫిల్టరు మార్చాం. అద్దం కడిగే నీళ్ళు పోశాం. బ్రేకులు చూశాం. సాఫ్ట్‌వేర్ కొత్తది వేశాం."

"పాతవి ఇవ్వండి."

మా ఊళ్ళో అది ఆనవాయితీ. మెకానిక్కు ఏది మార్చినా పాతది సంచిలో వేసి చేతికిచ్చి తీరాలి. లేకపోతే మార్చాడని ఎవడు నమ్ముతాడు? ఆ పిల్ల మంచిదే, దుమ్ము కొట్టుకుపోయిన ఫిల్టరుని ఒక సంచిలో వేసి ఇచ్చింది. గాషే సంచిలోకి తొంగిచూసి అలాగే నిలబడ్డాడు.

"సాఫ్ట్‌వేరేదీ?"

"అది కొత్తది వేసేశాం గాషే."

"తెలుసమ్మా. పాతది నాకివ్వండి."

"అది వస్తువు కాదు గాషే, ఇవ్వడానికి."

"డబ్బు తీసుకున్నారా దానికి?"

"తీసుకున్నాం."

"వస్తువు కానిదానికి డబ్బెలా తీసుకుంటారు?"

సోఫాల్లో ఉన్నవాళ్ళంతా ఫోన్లు పక్కన పెట్టి వింటున్నారు. నేను నీళ్ళ సీసాలోకి చూస్తూ కూర్చున్నాను, ఈయనెవరో నాకు తెలియనట్టు. మొత్తానికి హిరుత్ ఎలాగో సర్దిచెప్పి, పుస్తకం తీసి తేదీ రాసింది. 14-6-2024. గాషే కళ్ళజోడు పైకి తోశాడు.

"ఈ దేశంలో ఇప్పుడు ఏ సంవత్సరం నడుస్తోందమ్మా?"

"2016."

"నెల?"

"సెనె, పదో నెల. ఏడో తేదీ."

"మరి ఇదేమిటి?"

మా సంవత్సరం బయటివాళ్ళ సంవత్సరానికి ఏడెనిమిదేళ్ళు వెనక నడుస్తుంది. దానివల్ల మాకెప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు. పెళ్ళిళ్ళు, పండగలు, అద్దెలు అన్నీ దాంతోనే నడుస్తాయి. బయటి తేదీలు విమానం ఎక్కేవాళ్ళకి.

"కంపెనీ బయటిది కదా గాషే, వాళ్ళకు తెలిసేలా..." అని ఆ పిల్ల ఏదో చెప్పబోయింది.

"కారు తిరిగేది ఎవరి రోడ్డు మీద? డబ్బు కట్టింది ఎవరు? ఈ దేశంలో సీలు పడితే ఈ దేశపు తేదీ మీదే పడాలి. ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన పని ఇదేనమ్మా, నాకు నేర్పకు. దిద్దు."

ఆ పిల్ల దిద్దడానికి తెల్ల ఇంకు తీసింది. దాంతో గాషే కుర్చీలోంచి లేచిపోయాడు. "చెరపకూడదు! రికార్డులో దేన్నీ చెరపకూడదు. పాతదాని మీద ఒక్క గీత, కింద ఉన్నది కనబడేలా. పైన సరైనది. పక్కన సంతకం. అప్పుడు సీలు." లోపలినుంచి మేనేజరు వచ్చి చూసి, ఆయనతో వేగలేక, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. హిరుత్ పళ్ళు బిగబట్టి ఒక్క గీత గీసి, పైన 7-10-2016 అని రాసి, సంతకం పెట్టి, సీలు కొట్టింది. ఆ సీలు పడిన చప్పుడుకి గాషే మొహం వెలిగిపోయింది. నా గింజలు కొనే అంగడి మాత్రం ఈలోగా మూసేశారు.

సాయంత్రం జెవ్దు ఆ ఫిల్టరుని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు. "తొమ్మిది వేల నాలుగు వందలకి ఇదా బావా? నా దగ్గరికి తేవాల్సింది, నోటితో ఉఫ్‌మని ఊది ఇచ్చేవాణ్ణి. సర్వీసు ఖర్చు సున్నా అన్నావు కదూ?"

"అది సర్వీసు కాదు, తనిఖీ" అన్నాడు గాషే. తప్పు ఒప్పుకోవాల్సి వస్తే మాటకి పేరే మార్చేస్తాడు ఆయన.

ఆ తరవాత పది నెలలు కారు బంగారంలా తిరిగింది. ఎటియె అంగడి గది చూసుకుంది, బయానా గురించి కూడా మాట్లాడుకుంది. ఒకరోజు కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువై వచ్చింది. నాలుగో అంతస్తువాళ్ళ ఫ్రిజ్జు పోయింది, మా గదిలో బల్బు పోయింది, గాషే కారు తీగ తగిలించుకుని ఉంది. పొద్దున చూస్తే ఛార్జి ఎక్కలేదు. తీగ తీసి పెట్టాడు, ఊది పెట్టాడు, చొక్కాతో తుడిచి పెట్టాడు. ఆ చిన్న పచ్చదీపం వెలగనే లేదు.

జెవ్దు తన స్నేహితుడి లారీ తెచ్చి కారుని దాని మీదికెక్కించాడు. డబ్బు తీసుకోలేదు గానీ సర్వీసు సెంటరు దాకా దారిపొడవునా హారను కొడుతూనే ఉన్నాడు, పెళ్ళి ఊరేగింపులో లాగా. లారీలో ముందు కూర్చున్న గాషే తల ఎత్తలేదట.

కారు లోపల ఉండే ఛార్జరు పెట్టె కాలిపోయిందని తేల్చారు. కొత్తది ఐదు లక్షల ఇరవై వేలు. గ్యారంటీలో అయితే ఉచితం. "పుస్తకం ఉందా?" అని అడిగారు. గాషే పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులోంచి, ఆ కవరుని గుడ్డసంచిలోంచి తీశాడట. ఫొటోలు తీసి బయటిదేశంలో ఉన్న పెద్దాఫీసుకి పంపారు. జవాబు వచ్చేదాకా కారు తమ ఆవరణలో ఉంచితే రోజుకి నూట యాభై అన్నారు. దాంతో కారు మళ్ళీ లారీ ఎక్కి ఇంటికొచ్చింది, మళ్ళీ హారన్లతో.

అదిగో, అప్పటినుంచి అది మా బ్లాకు ముందు కదలకుండా పడి ఉంది. మొదటివారం గాషే రోజూ తుడిచాడు. రెండోవారం ఎటియె దాని ముందుభాగం మీద ఎర్రమిరపకాయలు ఎండబెట్టింది.

"అది కారే!" అన్నాడు ఆయన.

"కదిలితే కారు. ఇప్పుడు గచ్చు" అంది ఆవిడ.

వానలు మొదలైతే ఊళ్ళో ఎవరూ నడవరు, కిరాయికి కారు దొరికితే చాలంటారు. ఆ మూడు నెలల రాబడి మీదే ఎటియె అంగడి ఆధారపడి ఉంది. గది యజమాని కూడా వానల వరకే ఆగుతానన్నాడు. కాబట్టి మేమందరం ఆకాశంకేసి, గాషే ఫోనుకేసి చూస్తూ బతికాం.

జవాబు నా కుంపటి ముందే వచ్చింది. గాషే చదివాడు, మళ్ళీ చదివాడు, ఫోను నా చేతికిచ్చాడు. కారు తయారైంది 2023లో. పుస్తకం ప్రకారం దానికి సర్వీసు జరిగింది 2016 అక్టోబరు ఏడున. అంటే పుట్టడానికి ఏడేళ్ళ ముందే ఈ కారుకి సర్వీసు చేయించారు. కాబట్టి పుస్తకం దొంగది, గ్యారంటీ చెల్లదు, ఇట్లు మీ విశ్వసనీయులు.

నాకు నవ్వాగలేదు. కాఫీ కుంపట్లోకి పొంగింది కూడా. "ఏమి ముందుచూపు గాషే! కారు ఇంకా కడుపులో పడకముందే సర్వీసు చేయించేశావు!" అన్నాను. ఆయన నవ్వలేదు. నిండు కప్పుని అలాగే కింద పెట్టేశాడు. నేను పొంగిన కాఫీ తుడవడం మొదలుపెట్టాను. తొమ్మిది వేలు కాదిది, ఐదు లక్షలు. ఆ గీత గీయించింది ఎవరో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు.

హిరుత్ వెంటనే ఫోను చేసింది. ఎంత మంచి పిల్లో, దెప్పనైనా దెప్పలేదు. "గాషే, మన లెక్కల తేడా సంగతి నేను వాళ్ళకు రాశాను. నమ్మడం లేదు, మేమూ మీరూ కలిసి మోసం చేశామనుకుంటున్నారు. ఒక్కటే దారి ఉంది. గీత కింద నేను మొదట రాసిన తేదీ కనబడుతూనే ఉంది కదా. దాన్ని మార్పించింది మీరేనని, అదే సరైన తేదీ అని, మీ చేత్తో అదే పేజీలో రాసి సంతకం పెడితే ఒప్పుకుంటామన్నారు."

"తప్పు నాదని రాయాలా?"

"మీ మాటల్లో రాయండి గాషే. అర్థం మాత్రం అదే."

"మన తేదీ తప్పెలా అవుతుందమ్మా?" అని ఫోను పెట్టేశాడు. పెట్టేసి ఏం చేశాడో తెలుసా? ఇంటికెళ్ళి ఏడు పేజీల ఉత్తరం రాశాడు. మా ముప్పై రోజుల నెలలు పన్నెండూ, మిగిలిన ఐదు రోజుల పదమూడో నెల, ఎంత చక్కటి లెక్కో, బయటివాళ్ళ నెలలు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఎందుకున్నాయో, అన్నీ రాసి, ఇకనైనా మీ కంపెనీ క్యాలెండరు సరిచేసుకోగలరని ముగించాడు. మూడు రోజులకు జవాబు వచ్చింది. మీ ఉత్తరానికి ధన్యవాదాలు, మా సేవలకు ఒకటి నుంచి ఐదు వరకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని.

జెవ్దు ఊరుకుంటాడా? "ఎన్నిచ్చావు బావా? ఆకాశంలో ఉన్నవన్నీ ఇచ్చెయ్యాల్సింది!"

నేను మాత్రం ఊరుకోలేదు. "ఒక్క ముక్క రాయడానికి నీ చెయ్యి పడిపోతుందా? ఏడు పేజీలు రాయగలిగావు, ఒక్క వాక్యం రాయలేవా? ఆవిడ పన్నెండేళ్ళు పొగ మింగింది నీ పంతం కోసమా?" అని కప్పు ఆయన ముందు ఠంగున పెట్టాను. ఆయన మూడో విడత కాఫీ తాగకుండానే లేచిపోయాడు. మూడో కప్పుకి దీవెన ఉంటుంది, దాన్ని ఎవరూ వదలరు. ఆయన వదిలాడు.

మొదటి చినుకు పడిన రోజు జెవ్దు ఒక బేరగాణ్ణి తెచ్చాడు. వాడు ఇలాంటి కార్లు కొని ఊడదీసి ముక్కలుగా అమ్ముకుంటాడు. జెవ్దు వెక్కిరించడం మానేశాడు ఆ రోజు; అక్క డబ్బులో కొంతైనా దక్కించాలని వాడి బాధ. బేరగాడు మిరపకాయలు పక్కకు తోసి మూత తెరిచి, తలుపులు తీసి, టైర్లు తన్ని చూశాడు. కొన్న ధరలో నాలుగో వంతు చెప్పాడు.

గాషే మెట్ల మీద నిలబడ్డాడు. ఎటియె కిందికి వచ్చి మిరపకాయలు ఒక్కొక్కటే జల్లెడలోకి ఏరుకుంటోంది. తల ఎత్తకుండా అంది:

"అమ్మెయ్ అద్మాసు. తప్పు నాదని రాస్తే దక్కేదాన్ని, రాయలేక అమ్ముతున్నావు. అమ్ముకో. ఇందులో సగం నాదని నువ్వు ఎక్కడా రాసివ్వలేదు కదా, నేను అడగడానికేముంది?"

అరవలేదు, ఏడవలేదు. ఏరడం ఆపలేదు. చినుకులు పెద్దవవుతున్నాయి, బేరగాడు "ఏమంటారు గాషే, తడుస్తున్నాం" అంటున్నాడు. గాషే పైకి వెళ్ళిపోయాడు. పారిపోయాడనుకున్నాను, తిట్టడానికి నోరు కూడా తెరిచాను. గుడ్డసంచితో దిగి వచ్చాడు.

"జెవ్దూ, నీ కారు తియ్యి. షితాయె, నువ్వూ రా. వర్కె, నువ్వు కూడా. సాక్షులుండాలి."

కుంపటి మీద గిన్నె బోర్లించి బయల్దేరాను. ఆ రోజు నేను నష్టపోయిన కాఫీ ఎంతో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. జెవ్దు పెట్రోలు కారు దగ్గుతూ, పొగ కక్కుతూ వెళ్ళింది. గాషే దాని గురించి ఒక్క మాట అనలేదు, దాన్నిబట్టి ఆయన పరిస్థితి తెలుసుకోవచ్చు.

అద్దాల గదిలో హిరుత్ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన కలం తీశాడు. ఆ పిల్ల కళ్ళలో చిన్న మెరుపు చూశాను నేను.

"పద్ధతి ప్రకారం చేద్దాం గాషే. చెరపకూడదు. ఒక్క గీత."

ఆయన 7-10-2016 మీద ఒక్క గీత గీశాడు. పైన 14-6-2024 అని రాశాడు. దాని పక్కన చాలాసేపు ఆలోచించి, ముత్యాల్లాంటి అక్షరాలతో "తేదీలో పొరపాటు జరిగినది" అని రాసి కలం మూసేశాడు.

"ఎవరి వల్ల?" అంది హిరుత్.

"రాశాను కదమ్మా, జరిగినదని."

"ఎవరి వల్ల జరిగిందో రాయకుండా దిద్దుబాటు చెల్లదు. మీ ఆఫీసులో చెల్లేదా?"

ఆఫీసు కాగితాల్లో పొరపాట్లు వాటంతట అవే జరుగుతుంటాయి, వానలు పడ్డట్టు. జెవ్దు గోడకేసి తిరిగి భుజాలు ఊపుతున్నాడు, నవ్వో దగ్గో. గాషే మళ్ళీ కలం తెరిచాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. రాయడానికి పట్టిన సేపట్లో నేనైతే ఒక కూజా కాఫీ కాచి పోసేదాన్ని.

"ఇంజినీరు మొదటే సరిగ్గా రాసినది. మార్చమని పట్టుబట్టినది యజమాని అద్మాసు. తప్పు నాది."

సంతకం పెట్టాడు. పుస్తకం తిప్పి ముందు ఎటియెకి చూపించాడు, ఆ తరవాతే హిరుత్‌కి ఇచ్చాడు. సీలు పడింది. ఈసారి ఆ చప్పుడుకి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"దీనికో నకలు ఇప్పిస్తావా తల్లీ?" అని అడిగింది ఎటియె.

"ఎందుకు?" అన్నాడు గాషే.

"రికార్డుకి" అంది ఆవిడ.

పద్దెనిమిది రోజులకి ఛార్జరు పెట్టె వచ్చింది. పెట్టె ఉచితమే గానీ బిగించిన కూలి పదకొండు వేల ఎనిమిది వందలు. గాషే కిక్కురుమనకుండా కట్టాడు. కట్టి, "పాత పెట్టె ఇవ్వండి" అన్నాడు. అది పెద్దాఫీసుకి తిప్పి పంపాలన్నారు. అక్కడ మాత్రం ఆయన పట్టువదల్లేదు. గంటసేపు వాదించి, చివరికి పాత పెట్టెకున్న నాలుగు బోల్టులు సంచిలో వేయించుకుని వచ్చాడు. ఇప్పుడవి వాళ్ళింట్లో గాజు అలమరలో ఉన్నాయి, ఫిల్టరు పక్కన.

ఎటియె ఆ నకలుని ప్లాస్టిక్ వేయించి, వంటింట్లో పెనానికి ఎదురుగా గోడకి మేకు కొట్టి తగిలించింది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన నోటినుంచి రాని మాట, కలం నుంచి వచ్చింది, పైగా గుండ్రటి సీలుతో. గాషే ఏదైనా వాదన మొదలుపెడితే ఆవిడ మాట్లాడదు, అట్లకాడతో గోడకేసి చూపిస్తుంది.

"దాన్ని తీసెయ్యవే" అని నా ముందే బతిమాలాడు ఒకసారి.

"సీలున్న కాగితం ఎలా తీస్తాను? రికార్డు కదా" అంది.

వానలు కుండపోతగా కురిశాయి. కారు ఊరంతా తిరిగింది. గది యజమానికి బయానా కూడా ఇచ్చారు. ఒక సాయంత్రం గాషే మామూలుగా వచ్చి కూర్చున్నాడు. మూడు కప్పులూ తాగాడు. ఎవరూ చూడట్లేదని నిర్ధారించుకుని జేబులోంచి మడత కాగితం తీశాడు. ఈ కారులో సగం, దాని రాబడిలో సగం నా భార్య షితాయెది, వచ్చే కొత్త సంవత్సరం నాటికి అంగడి తెరిపించే బాధ్యత నాది, ఇట్లు అద్మాసు. కింద తేదీ రెండు రకాలుగానూ రాసి ఉంది, మనదీ, బయటివాళ్ళదీ.

"బాగుంది గాషే. నాకెందుకు చూపిస్తున్నావు?"

"సీలు లేదు" అన్నాడు నేల చూపులు చూస్తూ. "నీ దగ్గరుంది కదా."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఆ రోజు నువ్వు వెక్కిరించావని నాకు తెలుసులే వర్కె" అన్నాడు. "కొట్టు. గుండ్రంగా పడాలి."

కప్పు అడుగు మసిలో అద్దాను. చెయ్యి వణికింది, నవ్వుతోనో దేంతోనో. కాగితం మీద కొట్టాను. ఆయన ఊది ఆరబెట్టి, మడవకుండా రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కాడు. కాసేపటికి పైనుంచి మేకు కొడుతున్న చప్పుడు వినిపించింది. ఆ వెంటనే కిటికీలోంచి ఎటియె తల బయటికి పెట్టింది.

"ఏమే వర్కె, సీలు కాస్త వంకరగా కొట్టావు!" అని అరిచింది. కళ్ళు తుడుచుకుంటూ అరిచింది, పొగ లేకపోయినా.